యాభై రెండు ఆదివారాలు

హెన్రీకి మనుషులంటే గిట్టదని కాదు. మనుషుల్ని ఫొటోలు తీసీ తీసీ విసుగెత్తిపోయాడు, అంతే. కల్లూరులో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర అతనికి స్టూడియో ఉంది. పెళ్లాం పేరు కలిసొస్తుందని స్తుతి డిజిటల్స్ అని బోర్డు పెట్టుకున్నాడు. పదేళ్లుగా పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పాస్‌పోర్టు ఫొటోలు. పెళ్లికొడుకు నవ్వమంటే నవ్వడు, పెళ్లికూతురి మేనత్త ప్రతి ఫొటోలో దూరుతుంది, భోజనాల వేళ ఫొటో అతను తిన్నాడా అని అడిగే నాథుడుండడు. అలాంటివాడి మనసు ఆకాశం మీదికి పోయిందంటే ఏం తప్పు పడతాం? ఆకాశం ఎవరిచేతా బతిమాలించుకోదు. ఆల్బం ఎప్పుడిస్తావని ఫోన్లు చేసి ప్రాణం తీయదు.

అట్లా పట్టుకుంది అతనికి టైమ్‌లాప్స్ పిచ్చి. పని చూస్తే పెద్ద బ్రహ్మవిద్య కాదు. కెమెరాను ఒకచోట కదలకుండా బిగించాలి, పది సెకన్లకొక ఫొటో తీసేట్టు పెట్టి వదిలేయాలి. మూడు గంటల్లో వెయ్యికి పైగా ఫొటోలు పడతాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి పరుగెత్తిస్తే, మూడు గంటలు మెల్లగా పాకిన మబ్బు ముప్పావు నిమిషంలో కొండ దాటిపోతుంది. కావలసిందల్లా ఓపిక, అదే చోటికి మళ్లీ మళ్లీ పోయే మొండితనం. హెన్రీకి ఆ రెండూ ఉన్నాయి. ఇంకొకటి లేదని తర్వాత తేలింది.

అతని సొంతూరు ఆలూరు అవతల గుండ్లకొట్టాల. ఊరి వెనక కొండ, కొండ వాలులో ఎర్రనేల, ఆ నేల మీద క్రైస్తవుల వాడ, గేరి అంటారు, ఆ గేరి వాళ్ల చేన్లు. భూమి లేని వాళ్లకని ముప్పై ఏళ్ల కిందట ప్రభుత్వం పట్టాలిచ్చిన చేన్లవి. అమ్ముకోకూడదు, బీడు పెట్టకూడదు. బీడు పెడితే వెనక్కి తీసుకుంటారు. అందులో రెండున్నర ఎకరాలు హెన్రీ పెద్దమ్మ విశ్వాసమ్మది. హెన్రీ తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచి పెద్దచేసింది ఈ విశ్వాసమ్మే. మొగుడు పోయి, పిల్లల్లేక, ఆ చేను, ఈ హెన్రీ అని బతికిన మనిషి. ఆదివారం గుళ్లో కనిపించకపోతే ఆమె ఊరుకోదు గనక, కల్లూరు నుంచి రెండు గంటలు బండి తోలుకుని ప్రతి ఆదివారం ఊరికి పోయేవాడు.

పోతే పోయాడు, తన పనీ చేసుకున్నాడు. కొండ నడుమ ఒక గుండురాయికి ఇనుపకడ్డీ దిగ్గొట్టి సిమెంటు పోశాడు. ఆదివారం తొమ్మిదిన్నరకి దాని మీద కెమెరా బిగించి మీట నొక్కి గుడికి పోయేవాడు. ఆరాధన ముగిశాక పన్నెండున్నరకు వచ్చి విప్పుకునేవాడు. కాపలా పెట్టే పనే లేదు. ఆదివారం పొద్దున గేరిలోంచి పిల్లికూన కూడా చేన్ల వైపు పోదు. ఎవరు పోనిస్తారు? సంఘంలో ఆడవాళ్లకు పెద్ద విశ్వాసమ్మ. ఒకసారి పక్క చేను ఏసేపు ఆదివారం కలుపు తీస్తూ దొరికితే, అతన్ని అందరి ముందూ నిలబెట్టి, మూడు నెలలు రొట్టె, రసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానీయకుండా చేసింది. ఆరు రోజులు చాలని వాడికి ఏడోది ఇచ్చినా చాలదని ఆమె అన్న మాట ఏసేపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఏసేపుకి ఆవిడంటే అందుకే పడదు.

ఆ జనవరి నుంచి ఇట్లా నడిచింది. ఎండలు, గాలిదుమారాలు, వస్తానని ఊరించి రాయచూరు వైపు పోయే మబ్బులు. జూన్ ఆఖరి శనివారం సాయంత్రం మాత్రం ఆరుద్ర వాన పట్టుకుని కొట్టింది. మర్నాడు ఆదివారం.

ఆ రోజు గుళ్లో ఆడవాళ్ల ముందు వరుసలో విశ్వాసమ్మ చోటు ఖాళీగా ఉంది. జ్వరమని కబురు పంపిందని పాస్టరు అయ్యగారు చెప్పి ఆమె కోసం ప్రార్థన కూడా చేశారు. ఆరాధనయ్యాక హెన్రీ కెమెరా విప్పుకుని, ఆమె ఇంటికి పోయి, గడప మీదే కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆ రోజు ఫొటోలు పరుగెత్తించాడు. పైన ఆకాశం చూస్తే కళ్లు చెదిరాయి. వాన కడిగిన నీలం మీద తెల్ల మబ్బులు కొండంతేసి లేస్తున్నాయి. ఏడాది మొత్తంలో అంతటి ఆకాశం ఇంకొకటి పడలేదు. కింద, చేన్లో, ఒక తెల్లచీర. వంగి, అటూ ఇటూ, అటూ ఇటూ, మగ్గంలో నాడెలాగా సాళ్ల వెంట తిరుగుతోంది. ఒక కాలు కొంచెం ఈడ్చి నడవడం చూడగానే ఎవరో తెలిసిపోయింది.

హెన్రీ నవ్వాడు. జ్వరం బాగా పని చేయించిందే పెద్దమ్మా అని వేళాకోళం ఆడాడు. విశ్వాసమ్మ నవ్వలేదు. తెర మీదికి వంగి చూసి, మొహం పాలిపోయి, గోడకు ఆనుకుని కూలబడింది. ఊళ్లో బాడుగకు దున్నే సుంకప్ప ఎద్దులతో సాళ్లు తోలించి పదిరోజులైంది, వాన కోసం కళ్లు కాయలు కాచాయి, తెల్లారి చూస్తే నేల పదును చేతికి జిగురు జిగురుగా తగిలింది, సోమవారానికి ఈ ఎండకు ఆరిపోతే మళ్లీ వాన ఎవరు తెస్తారు? అందరూ గుళ్లోకి పోయిందాకా ఆగి, ఆముదం గింజలు ఒడిలో పోసుకుని పోయిందట. పొద్దున్నే కెమెరా పెడతావని మతికి రాలేదు నాయనా అంది. ఆమె భయపడటం హెన్రీ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఇది ఏసేపు కంట పడిందంటే నేను బతికుండీ లాభం ల్యాదు. చెరిపెయ్ అప్పా."

చెరిపేస్తాలే పెద్దమ్మా అన్నాడు. ఒట్టు పెట్టించుకోవడం వాళ్లలో లేదు. మాట చాలు. ఆమె లేచి పొయ్యి ముట్టించి అతనికి సంగటి కెలికింది.

చెరపలేదు. అంతటి ఆకాశాన్ని ఏ ఫొటోగ్రాఫరు చెరుపుతాడు చెప్పండి? వీడియోలో ఆ రోజు పైభాగం మాత్రం వాడుకున్నాడు. కింద చేను, చేన్లో మనిషి, రెండూ కత్తిరించేశాడు. పెద్దమ్మ మానం కాపాడినట్టూ అయింది, మబ్బులు దక్కినట్టూ అయిందని తనకు తానే భుజం తట్టుకున్నాడు.

ఆముదాలు మొలిచాయి, జానెడు ఎత్తయ్యాయి. తర్వాత నలభై రోజులు చుక్క పడలేదు. మొక్కలన్నీ మాడిపోయాయి. ఇంకోసారి ఉలవలు చల్లింది, అవీ అంతే. కొండ మీది నుంచి చూస్తే విత్తి ఎండిన నేలకూ, విత్తని నేలకూ తేడా ఏం తెలుస్తుంది? రెండూ ఎరుపే.

డిసెంబరు చివర్లో హెన్రీ యాభై రెండు ఆదివారాల్నీ నాలుగు నిమిషాలకు కుదించి ఇంటర్నెట్లో పెట్టాడు. ఎవరో బెంగళూరు వాళ్లు పంచుకున్నారు, ఇంకెవరో ఎత్తుకున్నారు, లక్షల మంది చూశారు. ఒక్క మనిషీ లేడు, ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకోని వాళ్లు లేరు. మెచ్చుకోలు తలకెక్కింది. వీడియో కింద కవిత్వంలాంటి వాక్యమొకటి రాసుకున్నాడు: 'మనిషి అడుగు పడని నేల, దేవుడొక్కడే తిరిగే ఆకాశం.' అడుగు పడని నేలట! పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఆ నేలలో రాళ్లు ఏరింది వీడి అడుగులు కాక ఎవరివి? రాసేటప్పుడు అదేమీ గుర్తు రాలేదు. వాక్యం బాగా కుదిరిందనుకున్నాడు.

మార్చిలో సోలార్ కంపెనీ వచ్చింది. కొండ వాలంతా పలకలు పరుస్తామన్నారు. చేను సాగులో ఉన్న వాళ్లకు ఏటేటా కౌలు కడతారు. సాగులో లేదని తేలితే పట్టా రద్దు, ప్రభుత్వం వెనక్కి తీసుకుని కంపెనీకి ఇస్తుంది, పట్టాదారుకు చిల్లిగవ్వ రాదు. ఏసేపుదీ ఇంకొందరిదీ తగాదా లేకుండా తేలింది. వాళ్లకు కిందివైపు చేన్లు, వాగు నీటితో ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది. విశ్వాసమ్మ చేనే పైన. కంపెనీ వేసుకోవలసిన దారి దాని మీదుగానే పోవాలి. కాగితాల్లో చూస్తే మూడేళ్లుగా బీడు అని రాసుంది. రాసినవాడు ఆ కొండ ఎక్కి చూసిన పాపాన పోలేదు. రెవెన్యూ వాళ్లు విచారణ పెట్టారు.

కంపెనీ తరఫున భూముల సంగతి చూసే ఉమామహేశ్వర ఒకరోజు హెన్రీ స్టూడియోకి వచ్చాడు. వేంపల్లె మనిషి, మాట తేనె. వీడియో చూసి మా పెద్దసార్లు నోరు తెరిచినారన్నా అన్నాడు. కొండ మీద మొదటి గుంత తవ్విన రోజు నుంచి ఆఖరి పలక బిగించేదాకా రెండేళ్లు టైమ్‌లాప్స్ తీయాలి, నువ్వే తీయాలన్నాడు. కొత్త కెమెరాలు వాళ్లే ఇస్తారు, నెలనెలా జీతంలా పడుతుంది, ఇంక పెళ్లికూతుళ్ల మేనత్తల గోల ఉండదు. హెన్రీ ఒప్పంద కాగితం బల్ల మీద అద్దం కింద పెట్టుకుని రోజుకు పదిసార్లు చూసుకున్నాడు. చిన్న సంగతొకటి ఉండాది అన్నాడు ఉమామహేశ్వర ఆ రోజు పోతూ పోతూ. విచారణలో ఆ వీడియో వేసి చూపిస్తారట. ఇది నేనే తీశానని చెబితే చాలట.

పెద్దమ్మ చేను గురించే విచారణ అని హెన్రీకి తెలియకపోలేదు. తెలిసే తలూపాడు. నేను తీసిందే కదా, తీశానని చెప్పడంలో అబద్ధమేముంది అని సర్దిచెప్పుకున్నాడు. కక్కుర్తికి సాకులు కరువా?

విచారణకు మూడు రోజుల ముందు విశ్వాసమ్మ స్టూడియోకి వచ్చింది. ఆలూరు నుంచి బస్సు, బస్టాండు నుంచి షేర్ ఆటో. ఎప్పుడూ రాని మనిషి, అద్దాల తలుపు ఎటు తోయాలో తెలియక బయటే నిలబడింది. హెన్రీ లోపలికి తెచ్చి కూర్చోబెట్టాడు. నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఊరి సంగతులేవీ ఎత్తకుండా నేరుగా అడిగింది.

"ఆ దినం ఫొటోలు, నేను గింజలు నాటేటివి, ఉండాయా నాయనా?"

హెన్రీ చెయ్యి అద్దం మీద ఉంది. అద్దం కింద ఒప్పందం.

"సుంకప్ప చెప్పినా, ఏసేపు చెప్పినా ఆ విచారణ సారు నమ్మడంట. ఊరోళ్లు ఊరోళ్లకే చెప్తారంట. ఫొటో ఉంటే తేదీ, టైము అన్నీ పడతాయంట కదా. చూపిచ్చు. గేరి గేరంతా నా మొగాన ఉమ్మేసినా పర్వాల్యా. నా చేను నాకు నిలబడితే చాలు."

ఏసేపు చేత మొహాన ఉమ్మేయించుకోవడానికి సిద్ధపడి వచ్చింది. అది ఆమెకు ఎంత పనో హెన్రీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వెనక బీరువాలో నల్ల హార్డ్‌డిస్క్ ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చేతికందుతుంది. అది బయటికొస్తే మనిషి లేని నేల అబద్ధమవుతుంది, కింద కత్తిరించిన సంగతి బయటపడుతుంది, అద్దం కింది కాగితం చెత్తబుట్టకు పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క కట్టాడు. తెలివైనవాడే.

"నువ్వే కదా పెద్దమ్మా చెరిపేయమంటివి. ఆ పొద్దే చెరిపేసినా" అన్నాడు.

విశ్వాసమ్మ కొంగు కొస సర్దుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. తర్వాత మెల్లగా తలూపి, నిజమే, నేనే అంటినని లేచింది. చెప్పిన మాట చెప్పినట్టు చేసినావు, నీదేముండాది తప్పు అని అతని చెంప నిమిరింది. ఆటో ఎక్కించి వచ్చాక హెన్రీ షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. స్తుతి ఫోన్ చేస్తే తలనొప్పి అని చెప్పాడు.

విచారణ ఎంతోసేపు పట్టలేదు. గోడ మీద తెర వేలాడదీసి వీడియో వేశారు. ఏడాది మొత్తం నాలుగు నిమిషాల్లో గడిచింది, ఎక్కడా నరపురుగు లేదు. వీడియో కింది వాక్యాన్ని ఉమామహేశ్వర పైకి చదివాడు. ఎంత చక్కగా చదివాడో! విచారణ చేసే సారు కళ్లద్దాలు తీసి, ఇది నువ్వే తీశావా అని అడిగాడు. తీశానన్నాడు హెన్రీ. మనుషుల్ని ఎక్కడైనా తీసేశావా? లేదు సార్. అప్పుడు గొంతు సవరించుకుని, ఆదివారాలే తీశాను సార్, మా వాళ్లు ఆదివారం గుడికి పోతారు అన్నాడు. అదీ అతని ధైర్యం. ఆ మాత్రం చెప్పి తన వంతు న్యాయం చేశాననుకున్నాడు.

"సరే. మరి పని చేస్తున్నట్టు ఒక్క ఫొటో అయినా ఉందా నీ దగ్గర?"

 విశ్వాసమ్మ వెనక బెంచీ మీద కూర్చుని అతన్నే చూస్తోంది. ఆమె చూపులో ఆశ లేదు, అడగడం లేదు. లేదని చెప్పడానికి ఈ బిడ్డ ఎంత బాధ పడుతున్నాడో అన్నట్టు జాలిగా చూస్తోంది.

"లేదు సార్."

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. చేను సాగులో లేదు, పట్టా రద్దు. నలభై రోజుల్లోగా కొత్త ఆధారం ఏదైనా ఉంటే పైన అప్పీలు చేసుకోవచ్చు. ఆ మాట ఉత్తర్వు చివర చిన్న అక్షరాల్లో ఉంది. హెన్రీయే చదివి ఆమెకు వినిపించాడు. ఆధారం యాడిది నాయనా అని ఆమె కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది.

ఆ తర్వాతి ఆదివారానికి కొండ మీద కంపెనీ కెమెరా నిలబడింది. ఇది రోజూ తీస్తుంది. ఆదివారమని ఆగదు. చేనుకు అడ్డంగా జేసీబీ అప్పటికే దారి గీసింది. ఆరాధన మొదలయ్యాక కూడా దాని రొద గుళ్లోకి వినిపిస్తూనే ఉంది.

పాటలు అయ్యాయి. అయ్యగారు సాక్ష్యాలకు పిలిచారు. జబ్బు నయమైనవాళ్లు, గల్ఫు నుంచి క్షేమంగా వచ్చినవాళ్లు ముందుకొచ్చి దేవుడు చేసిన మేలు చెప్పుకునే వేళ అది. ముందు వరుసలోంచి విశ్వాసమ్మ లేచింది. కాలు ఈడ్చుకుంటూ పోయి, అందరి వైపూ తిరిగి నిలబడింది. నాలుగో వరుసలో హెన్రీ పాటల పుస్తకం మూశాడు.

"మీకందరికీ ఆయితారం నీతులు చెప్పినదాన్ని నేను. పోయినేడు ఆరుద్ర వానకి, మీరంతా ఈడ పాటలు పాడతాంటే, నేను చేన్లో ఆముదాలు నాటుతాంటి. జ్వరమని అయ్యగారికి అబద్ధం చెప్పి పంపిస్తి" అంది. ఏసేపు వైపు తిరిగింది. "ఏసేపూ, నిన్ను ఈడనే నిలబెట్టినదాన్ని నేను. ఈ పొద్దు నేను నిలబడినా. నన్ను క్షమించప్పా."

 ఏసేపు తల వంచుకున్నాడు. ఇన్నేళ్లు ఏ రోజు కోసం కాచుకున్నాడో ఆ రోజు వస్తే, పాపం, దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు.

చేను పోయిందందుకేనని ఆమె చెప్పింది. దేవుడి దినం దొంగిలిస్తే దేవుడు నేల తీసుకున్నాడని, ఆయన మీద తనకు కోపం లేదని. దేవుడిదా ఆ పని! నాలుగో వరుసలో కూర్చున్నవాడు వింటున్నాడు. కాళ్ల కింద భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. చీలలేదు.

"ఒకటి మాత్రం దేవునికి వందనాలు చెప్పుకోవాల" అంది విశ్వాసమ్మ. "మా హెన్రీ తాన నా తప్పు ఫొటో ఉండె. చెరిపెయ్యమంటి, చెరిపేసినాడు. నా చేను పోతాదని తెలిసి నేనే పోయి మళ్లీ అడిగితే, ల్యాదు పెద్దమ్మా, నీకిచ్చిన మాట ప్రకారం చెరిపేసినా అన్నాడు. ఆడిన మాట అట్ల నిలబెట్టుకునే బిడ్డ ఎంతమందికి ఉండాడు? చేను పోతే పోయినాది. బిడ్డని సక్కంగానే పెంచినా."

ఆమేన్ అన్నారందరూ. అయ్యగారు హెన్రీని ముందుకు పిలిచారు. రాలేనని చెయ్యి ఊపితే సిగ్గుపడుతున్నాడని పక్కవాళ్లు నవ్వి లేవదీశారు. కొత్త పని దీవెనకరంగా ఉండాలని అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఏసేపు. బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని, నువ్వు మా గేరికి పేరు తెచ్చినావప్పా అన్నాడు. నోరు విప్పి ఒక్కమాట చెప్పడానికి హెన్రీకి అదే ఆఖరి చోటు. విప్పలేదు. అంత పొగిడాక ఎట్లా విప్పుతాడు?

పెద్దమ్మ పెట్టిన కోడికూర, సంగటి తిని, నాలుగింటికల్లా కల్లూరు చేరాడు. షట్టరు తీసి, బీరువాలోంచి నల్ల హార్డ్‌డిస్క్ తీసి, జూన్ ఆఖరి ఆదివారం తెరిచాడు. ముప్పావు నిమిషం. మబ్బులు కొండంతేసి లేచాయి. కింద తెల్లచీర అటూ ఇటూ తిరిగింది. చివర్లో ఎక్కడో ఆ చీర ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. ఇన్నిసార్లు చూసినా అది కంట పడలేదు. వెనక్కి పోయి ఒక్కొక్క ఫొటోనే చూశాడు. పన్నెండు ఫొటోల్లో, అంటే రెండు నిమిషాలు, విశ్వాసమ్మ నడుం ఎత్తి, గుడి వైపు తిరిగి, కొంగు నెత్తిన వేసుకుని, మట్టి చేతులు జోడించి నిలబడి ఉంది. ఫొటోల టైము చూస్తే, గుళ్లో అందరూ ఆమె జ్వరం కోసం ప్రార్థన చేస్తున్న వేళ అది.

అప్పీలుకు ఇంకా ముప్పై మూడు రోజుల గడువుంది. ఆ లెక్క అతనికి తెలుసు.

ఆ మనిషి అంతమంది ముందు నిలబడి, బిడ్డ మాట నిలబెట్టుకున్నాడని చెప్పింది. ఆ మాట అబద్ధం కాకూడదు కదా అనుకున్నాడు. నిజంగా అట్లాగే అనుకున్నాడు. ఆ ఆదివారం మొత్తాన్ని ఎంచి, మీట నొక్కాడు. శాశ్వతంగా తీసేయమంటారా అని కంప్యూటరు అడిగింది. అవును అని నొక్కాడు. వెయ్యీ ఎనభై ఫొటోలు పోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత కంపెనీ కెమెరా బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టాడు. రేపు పొద్దున్నే వాటిని కొండ మీదికి తీసుకుపోవాలి.